కిరాయి ఒక్కసారిగా మూడు వేలు పెంచమంటే కిరాయిదారు ఏం చేయాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. నల్గొండలో దేవరకొండ రోడ్డు వైపు ఒక ఇంటి మొదటి అంతస్తులో నాలుగేళ్లుగా అద్దెకు ఉంటున్నారు. చేరిన నాటి నుంచి నెలకు 7,000. అప్పట్లో వంద రూపాయల స్టాంపు కాగితం మీద 11 నెలల ఒప్పందం రాసుకున్నారు, గడువు తీరాక మళ్లీ రాసుకోలేదు. ఇప్పుడు ఇంటి యజమాని వచ్చే నెల నుంచి 10,000 ఇవ్వాలని, లేదంటే ఒకటో తేదీకల్లా ఖాళీ చేయాలని, చేయకపోతే మోటారు ఆపేస్తానని అంటున్నారు. పిల్లలిద్దరి బడి పక్క వీధిలోనే ఉంది. ‘ఆయన ఇలా పెంచవచ్చా? మేము ఒప్పుకోకపోతే ఏమవుతుంది?’ అన్నది మీ ప్రశ్న.

నేరుగా జవాబు చెబుతాను. అద్దె పెంచమని అడిగే హక్కు ఆయనకు ఉంది. మీరు ఒప్పుకోకుండా పెంచేసే హక్కు లేదు. ఒప్పుకోలేదని మిమ్మల్ని బయటికి పంపే హక్కు అసలే లేదు. అందుకు ఆయన రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి, కోర్టులో దావా వేసి, డిక్రీ, అంటే కోర్టు తీర్పు ఉత్తర్వు, తెచ్చుకోవాలి. ఇక రెండో సగం కూడా వినండి. మీరు ఉంటున్న స్థాయి ఇంటికి ఇంత శాతానికి మించి పెంచకూడదని అడ్డుకునే చట్టం ఈ రోజు మన రాష్ట్రంలో లేదు. అంటే చట్టం మీకు గడువు ఇస్తుంది, గౌరవంగా మాట్లాడుకునే వీలు ఇస్తుంది. పాత అద్దెకే ఎప్పటికీ ఉండిపోయే హామీ మాత్రం ఇవ్వదు. ఈ రెండూ మనసులో పెట్టుకుంటే మీరు భయపడి అడిగినంతా ఇవ్వరు, కోపంతో తెగేదాకా లాగరు.

నేను నల్గొండ కోర్టుల్లో చాలా ఏళ్లుగా న్యాయవాదిగా పనిచేస్తున్నాను. యజమానుల తరఫున, కిరాయిదారుల తరఫున రెండు వైపులా కేసులు నడిపాను. ఇలాంటి తగాదాల్లో నష్టపోయినవారిలో ఎక్కువమంది చట్టం తమకు వ్యతిరేకంగా ఉన్నందుకు నష్టపోలేదు. మొదటి రెండు వారాల్లో ఏం చేయాలో, ఏం చేయకూడదో చెప్పేవారు లేక నష్టపోయారు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి. ‘రెంట్ కంట్రోల్ చట్టం ఉంది కదా’ అని చాలామంది ధైర్యంగా వస్తారు. ఉన్నమాట నిజమే. 1960లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన భవనాల అద్దె నియంత్రణ చట్టం ఇప్పుడు తెలంగాణ పేరుతో కొనసాగుతోంది. హైదరాబాద్‌తో పాటు మున్సిపాలిటీలన్నిటికీ వర్తిస్తుంది. దాని పరిధిలో ఉన్న ఇంటికి న్యాయమైన అద్దె ఎంతో రెంట్ కంట్రోలర్, అంటే ఆ చట్టం కింద అద్దె తగాదాలు తేల్చే అధికారి, నిర్ణయించవచ్చు, చట్టంలో చెప్పిన కారణాల్లో ఏదో ఒకటి రుజువైతే తప్ప కిరాయిదారును ఖాళీ చేయించడం కుదరదు. చాలా మంచి రక్షణ అది. కానీ 32వ సెక్షన్ చదివితే ఆ ధైర్యం సగానికి పైగా తగ్గిపోతుంది. 2005 సవరణ ప్రకారం, కట్టి 15 ఏళ్లు నిండని భవనాలకు ఆ చట్టం వర్తించదు. నెల అద్దె మున్సిపల్ కార్పొరేషన్ ప్రాంతాల్లో 3,500, మిగతా ప్రాంతాల్లో 2,000 దాటిన భవనాలకు కూడా వర్తించదు. ఆనాటి అంకెలు ఆనాటివే, అద్దెలు మాత్రం ఎక్కడికో వెళ్లిపోయాయి. ఈ రోజు రెండు గదులు, వంటిల్లు ఉన్న పోర్షన్ రెండు వేలకు రామగిరిలో దొరుకుతుందా, పానగల్లులో దొరుకుతుందా? నర్సులు, ప్రైవేటు బడుల టీచర్లు, దుకాణాల్లో పనిచేసేవారు, డ్రైవర్లు ఉండే ఇళ్లన్నీ ఆ చట్టం గీసిన గీతకు బయటే ఉన్నాయి. ఎవరి కోసం ఆ రక్షణ పెట్టారో వారికే అది అందడం లేదు. ఈ పరిమితిని సవరించాలని నేను గట్టిగా నమ్ముతాను. అయితే నా నమ్మకం మీద మీ కేసు నిలబడదు కాబట్టి ఉన్న చట్టంతోనే మాట్లాడుకుందాం. మీ అద్దె 7,000. మున్సిపాలిటీ అనుకున్నా, కార్పొరేషన్ అనుకున్నా మీరు రెంట్ కంట్రోల్ బయటే.

ఇక్కడే ఇంకో అపోహ తీసేయాలి. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టాన్ని పట్టుకుని, ‘మూడు నెలల ముందు నోటీసు ఇవ్వనిదే అద్దె పెంచకూడదు, ఇంటికి రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్స్ తీసుకోకూడదు’ అని వీడియోల్లో చెబుతుంటారు. ఆ నమూనాలో ఆ మాటలు ఉన్నాయి. కానీ అది నమూనా. రాష్ట్రం దాన్ని తన చట్టంగా చేసుకున్నప్పుడే ఇక్కడ అమలవుతుంది. కాబట్టి యజమానికి రాసే ఉత్తరంలో ‘చట్ట ప్రకారం మూడు నెలల నోటీసు ఇవ్వాలి’ అని రాయకండి. అవతలి లాయరు ఆ ఒక్క వాక్యం పట్టుకుని మీ ఉత్తరం మొత్తాన్ని తేలిక చేస్తారు. మాటల్లో మాత్రం ‘మూడు నెలల వ్యవధి ఇవ్వడం న్యాయమని కేంద్రమే అంటోంది కదా సార్’ అని అడగడంలో తప్పులేదు.

మరి మీకు వర్తించేది ఏది? ఆస్తి బదిలీ చట్టం, 1882. ఒప్పందం గడువు తీరాక కూడా మీరు నెలనెలా అద్దె ఇచ్చారు, ఆయన తీసుకున్నారు. అలాంటప్పుడు మీరు నెలవారీ కిరాయిదారు అవుతారు. నెలవారీ కిరాయిని ముగించాలంటే 106వ సెక్షన్ ప్రకారం 15 రోజుల నోటీసు ఇవ్వాలి. అది రాతలో ఉండాలి, ఆయన గానీ ఆయన తరఫు వారు గానీ సంతకం చేయాలి, పోస్టులో పంపాలి లేదా మీ చేతికో మీ ఇంట్లోవారి చేతికో ఇవ్వాలి. ఈ రెండు దారులూ కుదరకపోతే తలుపు మీద అతికించవచ్చు. ఫోనులో చెప్పింది నోటీసు కాదు. మెట్ల దగ్గర నలుగురి ముందు అరిచి చెప్పింది కూడా కాదు. పల్లెల్లో, గ్రామ పంచాయతీ పరిధిలో అద్దెకున్నవారికి కూడా ఇదే చట్టం, ఇదే 15 రోజులు.

సరైన నోటీసు వచ్చి పదిహేను రోజులు గడిచాయనుకోండి. పదహారో రోజు పొద్దున మీ సామాను బయట పెట్టవచ్చా? వీల్లేదు. నోటీసు గడువు తీరాక ఆయనకు వచ్చే హక్కు దావా వేసే హక్కు మాత్రమే. కోర్టు డిక్రీ ఇచ్చి, దాన్ని అమలు చేసేదాకా ఇంటి స్వాధీనం మీదే. స్థిరంగా స్వాధీనంలో ఉన్న మనిషిని, అతనికి అక్కడ ఉండే హక్కు లేదని అనుకున్నా సరే, చట్టబద్ధమైన మార్గంలో తప్ప వెళ్లగొట్టకూడదని సుప్రీంకోర్టు 1989లో కృష్ణారామ్ మహాలే కేసులో స్పష్టం చేసింది. ఒకవేళ మీరు ఊరెళ్లినప్పుడు తాళం మార్చేశారనుకోండి, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం, 1963లోని 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోపు దావా వేసి స్వాధీనం తిరిగి పొందవచ్చు. ఆ దావాలో ఇల్లు ఎవరిదన్న చర్చ అవసరం లేదు, మిమ్మల్ని అక్రమంగా బయటికి పంపారని చూపిస్తే చాలు. ఆరు నెలలు దాటితే ఆ సులువైన దారి మూసుకుపోతుంది.

మీ దగ్గరున్న 11 నెలల కాగితం గురించి ఒక మాట. అందరూ 11 నెలలకే ఎందుకు రాసుకుంటారంటే, ఏడాదికి మించిన లీజుకే రిజిస్ట్రేషన్ కావాలని దేశమంతా ఉన్న నియమం. మన దగ్గర పరిస్థితి వేరు. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో రిజిస్ట్రేషన్ చట్టానికి చేసిన సవరణ వల్ల లీజు ఎన్ని నెలలకైనా రిజిస్టర్ చేయించాల్సిందే. దీని ఫలితం చాలామందికి కోర్టు మెట్లెక్కాక గానీ తెలియదు. రిజిస్టర్ కాని కాగితంలోని షరతుల మీద ఆధారపడి వాదించడం కష్టం. ‘ఏటా 10 శాతం పెంచుతాను’ అని యజమాని రాయించుకున్న షరతుకైనా అంతే, ‘మూడేళ్ల దాకా ఖాళీ చేయించను’ అని కిరాయిదారు రాయించుకున్న షరతుకైనా అంతే. మీరు ఆ ఇంట్లోకి కిరాయిదారుగానే వచ్చారని చూపించడానికి మాత్రం అది పనికొస్తుంది. అందుకే దాచుకోండి, పారేయకండి. దానిలో ఏటా పెంపు గురించి ఏదైనా రాసి ఉంటే, కోర్టు సంగతి ఎలా ఉన్నా, మాట ఇచ్చినట్టే కాబట్టి మాట్లాడుకునేటప్పుడు దాన్ని పక్కన పెట్టేయడం బాగుండదు. అసలు ‘ఏటా 10 శాతం పెంచడం రూల్’ అని మీ యజమాని అన్నారేమో, అలాంటి రూల్ ఏ చట్టంలోనూ లేదు. అది వాడుక.

కాగితం బలహీనంగా ఉన్నప్పుడు కోర్టు దేన్ని చూస్తుంది? మీ ఇద్దరి నడవడికను చూస్తుంది. నెలకు ఎంత పంపారు, ఎంత తీసుకున్నారు అన్నదే అసలు సాక్ష్యం. అందుకే ఈ తర్వాతి విషయం మీకు అన్నిటికన్నా ముఖ్యం.

పెంచిన అద్దె ఒక్క నెల ఇచ్చినా మీరు ఒప్పుకున్నట్టే అవుతుంది. ‘ఈ నెలకు ఇచ్చేద్దాం, తర్వాత మాట్లాడుకుందాం’ అని 10,000 పంపేవారిని చాలామందిని చూశాను. తర్వాత మాట్లాడుకోవడం ఉండదు. అలాగే వాట్సాప్‌లో ఆయన పెట్టిన మెసేజ్‌కు మర్యాద కోసం ‘సరే సార్’ అని బదులిస్తే అది కూడా సాక్ష్యమే. ‘చూశాము సార్, ఆలోచించి చెబుతాము’ అని రాయండి. ఆయన పంపిన మెసేజ్‌లు, ముఖ్యంగా మోటారు ఆపేస్తానన్నవి, ఏవీ చెరిపేయకండి.

పాత అద్దె మాత్రం ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకుండా పంపండి. నగదుగా వద్దు. ఫోన్‌పే ద్వారానో బ్యాంకు ద్వారానో పంపి, వివరాల దగ్గర ఏ నెల అద్దె అన్నది రాయండి. ఆయన తిప్పి పంపితే ఆ తిప్పి పంపిన రికార్డు కూడా మీకు మేలే చేస్తుంది, ఆ డబ్బును విడిగా ఉంచి, ‘మీరు ఎప్పుడంటే అప్పుడు ఇవ్వడానికి సిద్ధం’ అని మెసేజ్ పెట్టండి. హైదరాబాద్ రోడ్డు వైపు ఉండే ఒక కుటుంబం ఇదే పరిస్థితిలో కోపంతో పాత అద్దె కూడా ఆపేసింది. ‘అడ్వాన్స్ ఉంది కదా, అందులోంచి తీసుకోమనండి’ అన్నారు. వారి వాదనలో న్యాయం చాలా ఉంది. యజమాని నోటికి వచ్చినట్టు మాట్లాడిన మాట నిజం, మరుగుదొడ్డి పైపు పగిలితే నెలల తరబడి బాగుచేయించని మాట నిజం. కానీ కేసు కోర్టుకు వచ్చేసరికి అవన్నీ వెనక్కి వెళ్లి, ‘అద్దె ఎగ్గొట్టినవారు’ అన్న ఒక్క ముద్ర ముందుకు వచ్చింది. చివరికి బకాయి మొత్తం కట్టి, పరువు పోగొట్టుకుని వెళ్లారు. మరమ్మతుల విషయంలో కూడా చట్టం ఒక దారి చూపింది. యజమాని చేయించాల్సిన మరమ్మతు చేయించకపోతే, ముందుగా తెలియజేసి, మీరే చేయించి, ఆ ఖర్చు అద్దెలో మినహాయించుకోవచ్చు. ముందుగా రాతలో తెలియజేయడం, బిల్లులు దాచడం తప్పనిసరి.

మోటారు ఆపేస్తానన్న బెదిరింపు గురించి. మన ఊళ్లలో పై పోర్షన్ వారికి నీళ్లు రావాలంటే కింద ఇంటివారు మోటారు వేయాలి, స్విచ్ వారి వరండాలో ఉంటుంది. అందుకే ఖాళీ చేయించాలనుకునేవారు ముందు ఆ స్విచ్ మీదే చేయి వేస్తారు. రెండేళ్ల పాపతో ఉన్న ఒక దంపతుల విషయంలో ఇలాగే జరిగింది. యజమాని మోటారు వేయడం మానేశాడు, రాత్రి తొమ్మిదింటికే మెట్ల గేటుకు తాళం వేయడం మొదలుపెట్టాడు. ఆ ఇల్లాలు ఎవరితోనూ గొడవ పడలేదు. ప్రతి పూటా ఎండిపోయిన ట్యాంకు లోపలి ఫోటో, గేటుకు వేసిన తాళం ఫోటో తేదీతో సహా తీసింది. కింది నుంచి బిందెలతో మోసిన నీళ్లను పక్కింటావిడ చూసింది, ఆవిడ సాక్ష్యం చెప్పడానికి ఒప్పుకుంది. పోలీస్ స్టేషన్లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రశీదు తీసుకున్నారు. స్వాధీనానికి, నీళ్లు, కరెంటు వంటి సౌకర్యాలకు ఆటంకం కలిగించవద్దని ఇంజంక్షన్ దావా వేసి, దానితో పాటు మధ్యంతర ఉత్తర్వుల కోసం పిటిషన్ పెట్టాం. కోర్టు నోటీసు అందిన సాయంత్రమే ట్యాంకు నిండింది. మీరూ ఇప్పటినుంచే ట్యాంకు ఫోటోలు తీసి పెట్టుకోండి.

కరెంటు విషయంలో చట్టం ఇంకా స్పష్టంగా ఉంది. విద్యుత్ చట్టం, 2003లోని 43వ సెక్షన్ ప్రకారం ఇంటి యజమానే కాకుండా ఆ ఇంట్లో ఉంటున్నవారు కూడా కనెక్షన్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. కరెంటు కనీస అవసరమని, యజమాని అనుమతి పత్రం ఇవ్వలేదన్న కారణంతో కిరాయిదారుకు కనెక్షన్ నిరాకరించకూడదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది.

పోలీసుల గురించి కూడా చెప్పాలి. ఎస్సై గారిని పిలిపించి ఖాళీ చేయిస్తామని యజమానులు అంటుంటారు. అద్దె ఎంత, ఎప్పుడు ఖాళీ చేయాలి అన్నది సివిల్ తగాదా, దాన్ని తేల్చే అధికారం పోలీసులకు లేదు. స్టేషన్‌కు పిలిస్తే మర్యాదగా వెళ్లండి, అద్దె కట్టిన రికార్డు చూపించండి, ఫలానా తేదీకి ఖాళీ చేస్తామని ఏ కాగితం మీదా సంతకం చేయకండి. బెదిరింపు, తోపులాట, తాళాలు పగలగొట్టడం జరిగితే మాత్రం అది నేరం. అప్పుడు 112కు ఫోను చేయాల్సింది మీరే.

ఇంతవరకు చదివి ‘అయితే ఏళ్ల తరబడి పాత అద్దెతోనే ఉండవచ్చు’ అనుకోకండి. నా దగ్గరికి వచ్చే కిరాయిదారులకు ఈ మాట మొహమాటం లేకుండా చెబుతాను. రెంట్ కంట్రోల్ బయట ఉన్న ఇంట్లో, సరైన నోటీసు ఇచ్చి యజమాని దావా వేస్తే, చివరికి ఆయనే గెలిచే అవకాశం ఎక్కువ. ఖాళీ చేయమనడానికి ఆయన కారణం కూడా చూపించనక్కరలేదు. పైగా నోటీసు గడువు తీరిన రోజు నుంచి ఖాళీ చేసే రోజు దాకా పాత అద్దె లెక్క కాకుండా బజారులో ఆ ఇంటికి ఎంత వస్తుందో ఆ లెక్కన పరిహారం కట్టమని కోర్టు ఆదేశించవచ్చు. కోర్టుల్లో దీన్ని మీన్ ప్రాఫిట్స్ అంటారు. రెండేళ్లు సాగదీసి, నెలకు మూడు వేల చొప్పున తేడా, కోర్టు ఖర్చులు ఒక్కసారే మీద పడితే మామూలు కుటుంబం తట్టుకోలేదు. నోటీసు వచ్చేదాకా మీరు నిశ్చింతగా ఉండవచ్చు. నోటీసు వచ్చాక మాత్రం ఒక నిర్ణయానికి రావాలి.

కాబట్టి మీ అసలు పని ఇప్పుడు బేరం. దానికి లెక్క వేద్దాం. 7,000 నుంచి 10,000 అంటే దాదాపు 43 శాతం పెంపు. ఒక్కసారిగా అంత పెంచడం అన్యాయమే. అయితే నాలుగేళ్లుగా ఆయన ఒక్క రూపాయి పెంచలేదన్నది కూడా మీరే రాశారు. ఏటా 5 శాతం పెంచుకుంటూ వచ్చి ఉంటే ఈ పాటికి 8,500 అయ్యేది. ఏటా 10 శాతం అయితే 10,250 దాకా వెళ్లేది. ఆయన 10,000 ఎక్కడి నుంచి తెచ్చారో ఇప్పుడు అర్థమవుతుంది కదా. మీరు 7,500 అంటే ఆయన వినరు, ఆయనను తప్పుపట్టలేను కూడా. నా సలహా, 8,000 దగ్గర మొదలుపెట్టి 8,500 దగ్గర ఆగండి. దానితో పాటు ‘వచ్చే రెండేళ్లు ఏడాదికి 5 శాతం’ అని మీరే ముందుగా ప్రతిపాదించండి. ఏటా కొంత వస్తుందన్న భరోసా ఉంటే ఒక్కసారిగా పెంచాలన్న తొందర చాలామంది యజమానులకు తగ్గుతుంది.

మాట్లాడబోయే ముందు మీ వీధిలో టు-లెట్ బోర్డులున్న ఇళ్లకు వెళ్లి అలాంటి పోర్షన్ ఎంత చెబుతున్నారో కనుక్కోండి. 9,500 చెబుతున్నారనుకుందాం. మీరు 8,500 ఇస్తే యజమానికి ఏడాదికి తగ్గేది 12,000. మీరు వెళ్లిపోతే ఇల్లు ఒక్క నెల ఖాళీగా ఉన్నా 9,500 పోతుంది, సున్నం వేయించడం, పెయింటింగ్ ఖర్చు అదనం. మొదటి ఏడాది ఆయనకు మిగిలేది ఏమీ లేదు. పైగా మన దగ్గర ఆషాఢంలో, పుష్యంలో ఇల్లు మారేవారు తక్కువ, ఆ నెలలు దగ్గర పడుతుంటే ఖాళీ ఇల్లు ఖాళీగానే ఉంటుంది. ఈ లెక్క ఆయన ముందు నెమ్మదిగా పెట్టండి. మీ వైపు లెక్క కూడా వేసుకోండి. 1,500 పెరిగితే ఏడాదికి 18,000. ఇల్లు మారితే డీసీఎం కిరాయి, హమాలీలు, కొత్త ఇంటి అడ్వాన్స్, బ్రోకరు ఉంటే అతనికి ఒక నెల అద్దె, పిల్లలకు బడి దూరమైతే నెలనెలా ఆటో. కలిపి చూస్తే ఉండిపోవడమే మేలని తేలవచ్చు. బజారు ధర నిజంగానే 10,000 దాటి ఉంటే మాత్రం మీ చేతిలో బేరం బలం తక్కువ, అప్పుడు డబ్బు కన్నా గడువు అడగడం తెలివైన పని.

మాట్లాడే ముందు ఒక ఉత్తరం పంపండి. వాట్సాప్‌లోనూ, స్పీడ్ పోస్టులోనూ. లాయరు నోటీసులా ఉండకూడదు, నోటీసు చేరగానే మనుషులు బిగుసుకుపోతారు. నేనైతే ఇలా రాయిస్తాను:

‘గౌరవనీయులైన ఇంటి యజమాని గారికి నమస్కారం. మీ ఇంటి మొదటి అంతస్తులో నెలకు 7,000 రూపాయల అద్దెతో మేము నాలుగేళ్లుగా ఉంటున్నాము. వచ్చే నెల నుంచి అద్దె 10,000 చేయాలని మీరు ఫలానా తేదీన ఫోనులో చెప్పారు. ఆ పెంపునకు మేము అంగీకరించలేదు. ప్రస్తుత అద్దెను ఎప్పటిలాగే మీ ఖాతాకు పంపుతాము. మీ ఖర్చులు కూడా పెరిగాయని మాకు తెలుసు. అందువల్ల వచ్చే నెల నుంచి 8,000 ఇవ్వడానికి, అలా కాగితం రాసుకోవడానికి సిద్ధంగా ఉన్నాము. ఇది సామరస్యంగా తేల్చుకోవడానికి చేస్తున్న ప్రతిపాదన మాత్రమే. కుదిరేదాకా పాత అద్దె కొనసాగుతుంది. అంతవరకు నీళ్లు, కరెంటు విషయంలో ఇబ్బంది రాకుండా చూడగలరు.’

ఇందులో ‘ఏప్రిల్‌లో ఖాళీ చేస్తాము’ అన్న మాట పెట్టలేదని గమనించండి. నిజంగా ఖాళీ చేయాలని మీరు నిశ్చయించుకుంటే తప్ప తేదీ రాయకండి. నిశ్చయించుకుంటే మాత్రం అదే మంచి బేరం. ‘పిల్లల పరీక్షలయ్యేదాకా, ఏప్రిల్ నెలాఖరు వరకు పాత అద్దెకే ఉండనివ్వండి, ఆ తర్వాత గొడవ లేకుండా తాళాలు ఇస్తాము’ అంటే చాలామంది యజమానులు ఒప్పుకుంటారు. వారికీ కోర్టుల చుట్టూ తిరగడం ఇష్టం ఉండదు.

తక్కువ అద్దెకు పాత ముల్గీల్లో (దుకాణం గదుల్లో), పాత ఇళ్లలో ఉన్నవారు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి వారి కోసం ఒక అనుభవం. ఒక దర్జీ ప్రకాశం బజారు వైపు పాత ముల్గీలో దశాబ్దాలుగా పని చేసుకుంటున్నాడు. అద్దె రెంట్ కంట్రోల్ పరిమితి లోపే. యజమాని కొడుకు మూడు రెట్లు అద్దె అడిగాడు, దర్జీ ఒప్పుకోకపోవడంతో నెలనెలా తీసుకునే అద్దెను తీసుకోవడం మానేశాడు. ఆలోచన ఏమిటంటే, కొన్ని నెలలు బకాయి పడితే ఉద్దేశపూర్వకంగా అద్దె ఎగ్గొట్టాడని కేసు వేయవచ్చు. చట్టం 8వ సెక్షన్‌లో దీనికి మందు ఉంది. ఏ బ్యాంకు ఖాతాలో వేయాలో పది రోజుల్లో చెప్పమని యజమానికి నోటీసు ఇచ్చాం. జవాబు రాలేదు. మనియార్డర్ పంపాం, తీసుకోనన్నాడు, ఆ రాత పడిన కాగితం దాచాం. ఆ తర్వాత రెంట్ కంట్రోలర్ దగ్గర నెలనెలా అద్దె జమ చేయించాం. కేసు విచారణలో అన్నిటికన్నా ఎక్కువగా పనికొచ్చింది దర్జీ దగ్గరున్న ఒక నోటుపుస్తకం. ఒకవైపు నుంచి గ్రాహకుల కొలతలు, నడుము ఇంత, చేతులు ఇంత అని. వెనకవైపు తిప్పితే నెలనెలా తేదీ, ఇచ్చిన మొత్తం, పక్కన యజమాని అయిన పెద్దాయన పొట్టి సంతకం. ఒక్క నెల కూడా ఖాళీ లేదు. ఎగవేత కేసు కొట్టేశారు. అద్దె నగదుగా ఇచ్చే ప్రతి ఒక్కరూ ఇలాంటి పుస్తకం ఒకటి పెట్టుకోవాలి. రశీదు అడగడం యజమానిని అవమానించడం కాదు, అది మీ హక్కు.

యజమానుల భయం గురించి కూడా ఒక మాట, ఎందుకంటే మీ యజమాని తొందర వెనక అదే ఉండవచ్చు. ‘పన్నెండేళ్లు ఉంటే కిరాయిదారుకే ఇల్లు రాసిచ్చేయాలట’ అని ఒక పెద్దావిడ, ఆ అద్దె మీదే బతికే ఆవిడ, వణికిపోతూ నన్ను అడిగారు. అది తప్పు. అనుమతితో వచ్చి అద్దె కడుతున్న మనిషి ఎన్నేళ్లున్నా కిరాయిదారే, యజమాని కాలేడు. మీ యజమాని మనసులో ఇలాంటిది ఉందనిపిస్తే, అద్దె కడుతూ వస్తున్నామని మీరు రాసిచ్చే ఉత్తరం వల్ల ఆయన హక్కుకు బలమే గానీ నష్టం లేదని చెప్పండి.

మాటలతో కుదరకపోతే వెంటనే దావాకు పోకండి. కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. 1987 నాటి చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు, కార్మికులకు, తక్కువ ఆదాయం ఉన్నవారికి కూడా. మీరు మహిళ అయితే దరఖాస్తు మీ పేరు మీదే ఇవ్వండి. ఫోనులో అయితే 15100. కేసు వేయకముందే ఇద్దరినీ పిలిచి కూర్చోబెట్టి మాట్లాడిస్తారు, కుదిరితే లోక్ అదాలత్‌లో అవార్డు రాస్తారు. ఆ అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. కాబట్టి సంతకం పెట్టే ముందు అద్దె మొత్తం, పెంపు ఎప్పుడు, అడ్వాన్స్ ఎలా అన్నది ఒక్కో పంక్తి చదివించుకుని వినండి.

ఒప్పందం కుదిరితే ఈసారి రిజిస్టర్ చేయించండి. ఖర్చు ఇద్దరూ చెరిసగం పెట్టుకుంటే భారం అనిపించదు. ఇల్లు అమ్మేసినా కొన్నవారు యజమాని స్థానంలోకి వస్తారు, మీ కిరాయి అలాగే కొనసాగుతుంది. రిజిస్టర్ అయిన కాగితం అప్పుడు మిమ్మల్ని కాపాడుతుంది.

చివరికి వెళ్లిపోవాలనే అనుకుంటే, మీరు కూడా 15 రోజుల ముందు రాతలో చెప్పండి. అడ్వాన్స్ చివరి నెలల అద్దెలో సర్దుకోవాలా, చేతికి ఇస్తారా అన్నది అప్పుడే మెసేజ్‌లో తేల్చుకోండి. నాలుగేళ్లు ఉన్న ఇంట్లో గోడ రంగు వెలవడం, తలుపు గొళ్లెం అరగడం మామూలు వాడకం కిందకే వస్తాయి, వాటికి అడ్వాన్స్‌లోంచి కోసుకోవడం న్యాయం కాదు. పగిలిన సింకు, విరిగిన కిటికీ అద్దం మీవల్ల అయితే మీరే బాగుచేయించి ఇవ్వండి. సామాను దించాక ప్రతి గది, కరెంటు మీటరు రీడింగ్ వీడియో తీయండి. తాళాలు ఇస్తూ ‘ఫలానా తేదీన తాళాలు అందాయి, అద్దె బకాయి లేదు, అడ్వాన్స్ ఇంత తిరిగి ఇచ్చాను’ అని రెండు ప్రతులు రాయించి, ఒకదాని మీద ఆయన సంతకం తీసుకోండి. డబ్బు చేతికి రాకుండా తాళాలు మాత్రం ఇవ్వకండి.